ఒక్క మెట్టు పైన

వారాంతం పార్టీల్లో కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీరేం చేస్తుంటారండీ?" అని అడుగుతారు. లైబ్రేరియన్ని అంటాను. మామూలుగా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి, "అబ్బ, ఎంత హాయో! రోజంతా పుస్తకాలు చదువుకుంటూ కూర్చోవచ్చు." రెండోది కాస్త లోకజ్ఞానం ఉన్నవాళ్ళది, "దానికి కూడా మాస్టర్స్ కావాలటగా?" మొదటిదానికి నవ్వేసి ఊరుకుంటాను. పనివేళల్లో ఒక్క పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు నేను. రెండోదానికి మాత్రం అవునంటాను. ఈ దేశంలో లైబ్రేరియన్ హోదా ఉన్న ఉద్యోగాలకి, ముఖ్యంగా యూనివర్సిటీల్లో, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. అలాంటి కోర్సులు అరవై పైచిలుకు ఉన్నాయి. ఏటా వేలమంది ఆ డిగ్రీ పుచ్చుకుని బయటికొస్తారు. వాళ్ళలో ఎంతమందికి ఉద్యోగాలు దొరుకుతాయన్నది వేరే సంగతి. నేను రాయబోయేది ఆ వేరే సంగతి గురించే.

ఈ చదువు మొదలైన తీరే ఒక కథ. 1887లో మెల్విల్ డ్యూయీ న్యూయార్కులోని కొలంబియా కాలేజీలో మొట్టమొదటి లైబ్రరీ స్కూలు పెట్టాడు. చేరిన 20 మందిలో 17 మంది ఆడవాళ్ళు. ఆడవాళ్ళని చేర్చుకోవడం అక్కడి ట్రస్టీలకు గిట్టలేదు, గదులు ఇవ్వమన్నారు. ఆయన ఒక స్టోర్ రూము బాగుచేయించి అందులోనే పాఠాలు మొదలుపెట్టాడు. రెండేళ్ళకి, 1889లో, స్కూలు ఆల్బనీకి తరలిపోయింది. ఇంత చేసిన డ్యూయీ ఆడవాళ్ళతో ప్రవర్తించిన తీరుకీ, యూదుల పట్లా నల్లవారి పట్లా చూపిన ద్వేషానికీ 2019లో అసోసియేషన్ తన పతకానికున్న ఆయన పేరు తీసేసింది. తలుపు తెరిచినంత మాత్రాన లోపలికొచ్చినవాళ్ళకి మంచే చేశాడనుకోవడానికి లేదు. ఈ మాట నాకూ కాస్త తగులుతుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

చదువైపోయి ఉద్యోగాల ప్రకటనలు చూడటం మొదలుపెట్టిన రోజున ప్రతి విద్యార్థికీ ఒకే అనుభవం. "కొత్తవారికి" అని రాసి ఉంటుంది, కింద "రెండు నుంచి మూడేళ్ళ అనుభవం అవసరం" అని ఉంటుంది. అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? ఉద్యోగం చేస్తే. ఉద్యోగం ఎలా వస్తుంది? అనుభవం ఉంటే. మనకి కొత్తేమీ కాదు, పెళ్ళికుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు. ఇక్కడ కొత్తేమిటంటే ఆ చిక్కుముడి ఎలా విప్పాలో చెప్పేవాళ్ళు ప్రొఫెసర్లు కారు, పాతికేళ్ళు పనిచేసిన డైరెక్టర్లూ కారు. నిన్నగాక మొన్న ఆ ముడి విప్పుకుని బయటపడ్డవాళ్ళు.

1931లో అసోసియేషన్లో చిన్నవాళ్ళంతా కలిసి తమకంటూ ఒక విభాగం పెట్టుకున్నారు. జూనియర్ మెంబర్స్ రౌండ్ టేబుల్ అన్నారు, తర్వాతి కాలంలో న్యూ మెంబర్స్ రౌండ్ టేబుల్ అయింది. మెంబరైన మొదటి పదేళ్ళవాళ్ళ కోసం అది. అదే 1931లో మద్రాసులో రంగనాథన్ గారి అయిదు సూత్రాల పుస్తకం అచ్చయింది. రెండిటికీ సంబంధం లేదు, కానీ నా బుర్రలో ఆ రెండూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. రంగనాథన్ గారి నాలుగో సూత్రం, పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నది. ఈ చిన్నవాళ్ళ పనీ అదే. తర్వాత వచ్చేవాడి సమయం ఆదా చెయ్యడం.

వాళ్ళు చేసే పనుల్లో నాకు బాగా తెలిసింది రెజ్యుమేలు చూసిపెట్టడం. పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒక మూల బల్లలు వేసి ఉంటాయి. కొత్తగా డిగ్రీ చేసినవాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తారు. ఎదురుగా కూర్చున్న లైబ్రేరియన్ ఎర్ర పెన్ను పట్టుకుని అరగంట సేపు ఆ కాగితాల మీద పని చేస్తుంది. డబ్బు ప్రసక్తి లేదు.

నేను మొదటిసారి ఆ బల్లకి ఇవతలివైపు కూర్చున్నాను. 1998లో హెచ్-4 మీద ఈ దేశం వచ్చాను. పని చెయ్యడానికి వీల్లేని వీసా కాబట్టి ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి ఊరికే పుస్తకాలు సర్దేదాన్ని. గ్రీన్ కార్డు వచ్చాక మాస్టర్స్ చేశాను, 2006లో పూర్తయింది. తొమ్మిది నెలలు అప్లికేషన్లు పెట్టాను. ఒక్క ఫోను రాలేదు. ఆ కాన్ఫరెన్సుకి అప్పు చేసి వెళ్ళాననే చెప్పాలి. నా కాగితం చూసిన అమ్మాయికి నాకన్నా ఆరేడేళ్ళు తక్కువ వయసుంటుంది. నెమ్మదిగా ఒక్కొక్కటే కొట్టేసింది. పుట్టిన తేదీ. భర్త పేరు. మతం, కులం రాయలేదు లెండి, మాతృభాష రాశాను. అదొక్కటీ ఉంచమంది, తెలుగు వచ్చని చెప్పుకోవడం మంచిదేనట. చివరికొచ్చి ఆగిపోయింది. "పైన తెలిపిన వివరాలన్నీ నిజమని ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను" అని, కింద స్థలం, తేదీ, సంతకం. మనూళ్ళో బయోడేటాకి అది లేకపోతే తోక తెగినట్టుండేది. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇది చాలా నిజాయితీగా ఉంది, కానీ తీసేద్దాం" అంది.

ఆ తర్వాత చెప్పిన మాట నా జీవితం మార్చింది. ప్రకటనలో "తప్పనిసరి" అని ఉన్న అర్హతలు వేరు, "ఉంటే మంచిది" అని ఉన్నవి వేరు. మొదటి వడపోత చేసేవాళ్ళ దగ్గర తప్పనిసరి అర్హతల జాబితా ఒకటి ఉంటుంది. నీ కవర్ లెటర్లో ఆ ఒక్కొక్కదానికీ, వాళ్ళు వాడిన మాటతోనే, జవాబు కనబడాలి. కనబడకపోతే నువ్వెంత గొప్పదానివైనా పక్కన పెట్టేస్తారు. తొమ్మిది నెలలుగా నేను రాసిన ఉత్తరాల్లో పుస్తకాల మీద నాకున్న ప్రేమ గురించి ఉండేది. ఆ సంగతి నాకు రెండేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. తెలియక కాదు, అది చెప్పాల్సిన సంగతని వాళ్ళకి తట్టక. పైమెట్ల మీద ఉన్నవాళ్ళకి కింది మెట్టు ఎంత ఎత్తో గుర్తుండదు. కాలవలో ఈత నాకు నేర్పింది మా నాన్న కాదు, నాకన్నా ఏడాది ముందు నేర్చుకున్న మా పెద్దమ్మ కూతురు. ఎక్కడ నీళ్ళు ముక్కులోకి పోతాయో దానికి ఇంకా గుర్తుంది.

లేస్తూ, మీరెక్కడ పనిచేస్తున్నారని అడిగాను. ఏడాది కాంట్రాక్టు మీద ఉన్నానంది. జూన్లో అయిపోతుందట. అంటే మర్నాడు తను కూడా నేను చూసే ప్రకటనలే చూడబోతోంది. నాకు ఎర్ర పెన్నుతో దిద్దిపెట్టిన ఉత్తరం ఆవిడ ఉత్తరం పక్కనే ఏదో ఒక ఆఫీసులో పడొచ్చు. ఆ విషయం ఆవిడకి తెలీకనా? ఒక మెట్టు పైనున్నవాళ్ళు మంచి గురువులు కావడానికి ఏది కారణమో, వాళ్ళు పోటీదారులు కావడానికీ అదే కారణం.

2007లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నాకు ఉద్యోగం వచ్చింది. నాలుగో ఏడు, 2011లో, బల్లకి అవతలివైపు కూర్చున్నాను. రుణం తీర్చుకుంటున్నానని అనుకున్నాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. యూనివర్సిటీ లైబ్రేరియన్లకి ప్రమోషన్ రావాలంటే "వృత్తికి చేసిన సేవ" చూపించాలి. నా రెజ్యుమేలో ఆ శీర్షిక కింద రెజ్యుమేలు చూసిపెట్టడం ఒక పంక్తి. ఇతరులకి చేసిన సాయం నా కాగితం మీద నాకు సాయం చేస్తోంది. ఇందులో పాపమేమీ లేదు. అయినా పుణ్యం లెక్క వేసుకునేటప్పుడు ఆ పంక్తి కూడా తీసివేయాలి కదా.

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు నా బ్యాడ్జీ మీద ఇంటిపేరు చూసి, కాసేపు తటపటాయించి, "మేడమ్, తెలుగేనా అండీ?" అన్నాడు. గుంటూరు జిల్లావాడు. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో మూడేళ్ళు పనిచేసి, పొలం తాకట్టు పెట్టి ఇక్కడికి వచ్చి మాస్టర్స్ చేశాడు. మన పిల్లలు కంప్యూటర్ సైన్సుకి వస్తారుగాని దీనికెవరొస్తారు? ఆ మాటే అడిగాను. "నాకిదే వచ్చండీ" అన్నాడు. కాగితం తిప్పితే అడుగున "ఇందుమూలముగా ప్రమాణం" కనబడింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. అరగంట అయ్యేసరికి మేడమ్ పోయి అక్కా అయింది.

అతని పరిస్థితి భారతదేశంలో ఉన్న పాఠకుల కోసం రెండు మాటల్లో చెబుతాను. చదువైపోయాక విద్యార్థికి ఏడాది పాటు పనిచేసుకోవడానికి అనుమతి ఇస్తారు, దాన్ని ఓపీటీ అంటారు. ఆ ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి పని లేకుండా ఉండకూడదు. జీతం లేకుండా వారానికి 20 గంటలు తన చదువుకి సంబంధించిన పని చేసినా లెక్క ఆగుతుంది. అందుకని అతను ఒక చిన్న కాలేజీ లైబ్రరీలో ఉచితంగా పనిచేస్తున్నాడు. ఏడాది తర్వాత ఉండాలంటే హెచ్-1బి కావాలి. యూనివర్సిటీలకి ఆ వీసాల ఏటి పరిమితి వర్తించదు, ఎప్పుడైనా దరఖాస్తు చెయ్యొచ్చు. ఊళ్ళో ఉండే పబ్లిక్ లైబ్రరీకి సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. కాబట్టి అతని చూపంతా యూనివర్సిటీల మీద.

రెండు నెలల తర్వాత మా లైబ్రరీలోనే ఒక ఖాళీ ప్రకటించారు. అతను అప్లై చేశాడు. ఫోన్ ఇంటర్వ్యూ దాటాడు. ఇక రోజంతా జరిగే ఇంటర్వ్యూకి పిలుస్తారనగా, ఒక బుధవారం రాత్రి ఫోన్ చేశాడు. వేరే రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ ఏడాది తాత్కాలిక ఉద్యోగం ఇస్తానంటోంది. వీసా సంగతి తర్వాత చూద్దామన్నారు. శుక్రవారంలోగా అవునో కాదో చెప్పాలి. "అక్కా, మీ దగ్గర నాకు నిజంగా అవకాశం ఉందంటారా?" అన్నాడు.

నాకు తెలిసింది ఇది. మా విభాగంలో అప్పటికి రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒకామె ఉంది. ఆమె కూడా కొత్తగా డిగ్రీ చేసినామే. ఒంటరి తల్లి. నా స్నేహితురాలు. ఆ ఖాళీ ఆమెని పర్మనెంటు చెయ్యడానికే సృష్టించారని విభాగంలో అందరూ అనుకుంటున్నారు. నిబంధనల ప్రకారం దేశమంతా ప్రకటించాలి, ముగ్గురిని పిలవాలి. కమిటీలో నేను లేను. ఎవరూ నాకు రహస్యంగా ఏమీ చెప్పలేదు. అయినా తెలుసు, ఇంట్లో ఎవరి పెళ్ళి కుదరబోతోందో పనిమనిషికి తెలిసినట్టు.

"రోజంతా ఇంటర్వ్యూ అంటే మామూలు విషయం కాదు, ప్రెజెంటేషన్ బాగా తయారు చేసుకో" అన్నాను.

లైబ్రరీ స్కూల్లో మాకు రిఫరెన్సు ఇంటర్వ్యూ అని ఒక పాఠం చెబుతారు. పాఠకుడు వచ్చి ఏదో అడుగుతాడు. చాలాసార్లు అతనికి కావలసింది అది కాదు. "వైద్యం పుస్తకాలు ఎక్కడుంటాయి?" అని అడిగినవాడికి నిజానికి నిన్న డాక్టరు తన భార్యకి చెప్పిన జబ్బు పేరు గురించి తెలుసుకోవాలని ఉంటుంది. ఓపిగ్గా మాట్లాడి ఆ అసలు ప్రశ్న పట్టుకోవడమే విద్య. ఆ రాత్రి ఆ కుర్రాడు అసలు ప్రశ్నే సూటిగా అడిగాడు. నేనే దాన్ని పక్కకి తోసి అడగని ప్రశ్నకి జవాబిచ్చాను. వృత్తిలో నేర్చుకున్నదంతా తిరగేసి వాడానన్నమాట.

నా తరఫున నేను చెప్పుకోగలిగినవి లేకపోలేదు, చాలా ఏళ్ళు చెప్పుకున్నాను కూడా. నాకు ఖాయంగా తెలీదు. కమిటీలు మనసు మార్చుకోవడం నేనే చూశాను. బయటినుంచి వచ్చినవాళ్ళు బాగా మాట్లాడి ఉద్యోగం పట్టుకుపోవడమూ చూశాను. పైగా, రావద్దు అంటే నా స్నేహితురాలికి పోటీ తప్పించినట్టవుతుంది. రమ్మంటే అతన్ని ముంచినట్టవుతుంది. ఎటు కదిలినా ఎవరో ఒకరి పక్షం వహించినట్టే కాబట్టి మాట్లాడకపోవడమే న్యాయం అనుకున్నాను. ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది. ఇందులో మోసం ఎక్కడుందంటే, మాట్లాడకపోవడం కూడా ఒక కదలికే. శుక్రవారం గడువు నడుస్తూనే ఉంది. నేను తూకం వేస్తున్నాననుకుంటున్నాను, తక్కెడ ఒకవైపు వంగిపోతోంది.

అతను ఆ చిన్న కాలేజీకి కాదని చెప్పాడు. మా దగ్గరికి వచ్చాడు. ప్రెజెంటేషన్ బాగా చేశాడని అందరూ అన్నారు. ఉద్యోగం నా స్నేహితురాలికి వచ్చింది. ఆమె దానికి అన్ని విధాలా తగినామె. ఇక్కడ దుర్మార్గులెవరూ లేరు. ఆగస్టుకి అతని ఏడాది అయిపోయింది. వెళ్ళిపోయాడు.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లో మొదటిసారి తన నీతి నియమావళి ఆమోదించింది. తర్వాత ఎన్నోసార్లు సవరించారు. ఇప్పటి నియమావళిలో, ఈ వృత్తిలోకి రాదలచినవారి ఆశలకు దోహదం చెయ్యాలన్న అర్థం వచ్చే మాట ఒకటుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒకటే అనుమానం. ఆశకి ఆధారం లేనప్పుడు ఏం చెయ్యాలి? నీళ్ళు పొయ్యాలా, మొక్క కింద మట్టి లేదని చెప్పాలా?

ఈ అనుమానం నా ఒక్కదానికీ పరిమితమైంది కాదు. 2000 తర్వాత ఈ దేశంలో ఒక మాట బలంగా వినబడింది. లైబ్రేరియన్లలో చాలామంది రిటైరవబోతున్నారు, కొరత రాబోతోంది, రండి, చేరండి అని. అప్పటి అధ్యక్షుడి భార్య లారా బుష్ స్వయంగా లైబ్రేరియన్, టెక్సస్‌లో 1973లో మాస్టర్స్ చేసినావిడ. కొత్తవాళ్ళని తయారు చెయ్యడానికి ఒక పథకాన్ని 2002లో ఆవిడే ప్రకటించారు. నేను చేరింది ఆ గాలి వీస్తున్నప్పుడే. 2008లో ఆర్థికమాంద్యం వచ్చింది. పెద్దవాళ్ళు రిటైరవడం వాయిదా వేసుకున్నారు. అయినవాళ్ళ ఉద్యోగాలు వాళ్ళతో పాటే మాయమయ్యాయి, కుర్చీ ఖాళీ అవుతుందనుకుంటే కుర్చీయే తీసేశారు. కొరత వస్తుందని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, నమ్మే చెప్పారు. ఆ పథకాన్ని నడిపిన ఫెడరల్ సంస్థనే కుదించెయ్యమని 2025 మార్చిలో మరో అధ్యక్షుడు ఆదేశమిస్తే కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. ఇరవై ఏళ్ళ ముందు రండని పిలిచినవాళ్ళకి ఇదంతా ఎలా తెలుస్తుంది? తెలియదు. కానీ తప్పిన అంచనాకి వడ్డీ కట్టింది వాళ్ళు కాదు.

2018లో ఫొబాజీ ఎట్టార్ అనే లైబ్రేరియన్ ఒక వ్యాసం రాసింది. మా వృత్తిలో అంతగా చర్చకొచ్చిన వ్యాసం ఈమధ్య కాలంలో ఇంకొకటి లేదేమో. ఆవిడ చెప్పేదేమిటంటే, లైబ్రరీ పవిత్రమైన చోటు, ఈ పని ఒక దైవకార్యం అని మనం నమ్మడం మొదలుపెట్టాక జీతం గురించి అడగడం, అలిసిపోయానని చెప్పడం, సంస్థని తప్పు పట్టడం అపచారంలా అనిపిస్తాయి. చదివినప్పుడు నేను ఇంగ్లీషులో మన సంగతే చదువుతున్నాననిపించింది. మనకి పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు కదా. పైగా ఆంధ్రదేశంలో గ్రంథాలయం అనేది ఉద్యమంగా పుట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పిన పాతూరి నాగభూషణం గారు జీతాల కోసం చెయ్యలేదు. మా అమ్మమ్మగారి ఊరు తెనాలి పక్కనే. ఆ పేర్లు మా ఇంట్లో దేవుళ్ళ పేర్ల పక్కన చెప్పేవారు.

వాళ్ళని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఒక తేడా చూడకుండా ఉండలేను. వాళ్ళు తమ సొంతం త్యాగం చేశారు. నేను బల్ల దగ్గర కూర్చుని "ఇది డబ్బు కోసం చేసే పని కాదు బాబూ, ఓపిక పట్టు" అంటే నేను త్యాగం చేయించేది ఎదుటివాడి చేత. వాడి పొలం, వాడి ఏడాది. త్యాగానికి సిఫార్సు ఉత్తరాలు ఉండకూడదు. మన దగ్గర కూడా ఇదే నడుస్తోంది. బి.ఎల్.ఐ.ఎస్సీ. చేసి, ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేసి, నెట్ పాసై, గ్రంథాలయాల్లో పోస్టులకి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఏళ్ళ తరబడి కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్ళకి సీనియర్లు ఇచ్చే సాయం పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, ఇంకొక్క ఏడాది చూడరా అన్న మాట. మొదటి రెండూ సాయమే. మూడోదాని గురించి నాకు సందేహం.

అలాగని "ఈ ఫీల్డులో ఏమీ లేదు, వేరే దారి చూసుకో" అనేవాళ్ళ మీద కూడా నాకు గౌరవం లేదు. అలాంటివాళ్ళు మా కాన్ఫరెన్సుల్లో కొల్లలు. అది నిజం చెప్పడం అనుకుంటారు. నిజానికి అది కూడా బద్ధకమే. "ధైర్యంగా ఉండు" అన్నంత తేలిక "ఆశ పెట్టుకోకు" అనడం. రెండిటికీ ఎదుటివాడి కాగితం చదవక్కర్లేదు. కావలసింది వివరం. ఈ ఉద్యోగం, ఈ ఊరు, ఈ వీసా, ఈ శుక్రవారం.

రంగనాథన్ గారి కథ ఒకటి మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్‌గా వెళ్ళారు. కొద్ది రోజులకే ఆ ఒంటరితనం, తోచకపోవడం భరించలేక పాత కాలేజీకి పరిగెత్తి నా ఉద్యోగం నాకిప్పించండి అన్నారట. ప్రిన్సిపాల్ ఆయనకి పుస్తకాల మహిమ గురించి ఉపన్యాసమివ్వలేదు. ముందు లండన్ వెళ్ళి ఆ విద్య నేర్చుకురా, అప్పటికీ నచ్చకపోతే నీ పాత ఉద్యోగం నీకే అన్నాడు. ఆయన వెళ్ళారు, తిరిగొచ్చాక ఇక వెనక్కి చూడలేదు. ఈ కథని సాధారణంగా పట్టుదలకి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం అందులో తెరిచి ఉంచిన వెనక తలుపే కనబడుతుంది. వెనక్కి రాగలనని తెలిసినవాడు ముందుకు వెళ్ళడం ఒకటి. మా గుంటూరు కుర్రాడికి ఆ శుక్రవారం నాటి చిన్న కాలేజీయే వెనక తలుపు. అది మూసుకోవడం నేను చూస్తూ నిలబడ్డాను.

ఒక్క మెట్టు పైనున్నవాళ్ళ చేతిలో ఏముంటుంది? ఉద్యోగాలు వాళ్ళు ఇవ్వలేరు. వాళ్ళ సిఫార్సుకి బరువుండదు. డబ్బుండదు. ఉన్నదల్లా, లోపల ఎలా ఉంటుందో తెలియడం. డైరెక్టరు ఒక సంగతి దాచినా ఆవిడ ఇవ్వగలిగినవి ఇంకా పది ఉంటాయి. నా దగ్గర ఉన్నది ఒక్కటే, అదే దాచాను. ఏమీ ఇవ్వనట్టే. అరగంట ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం అప్పటికి అతనికి అవసరం తీరిపోయింది.

అతను ఇప్పుడు మనూళ్ళోనే ఒక కాలేజీలో లైబ్రేరియన్. ప్రతి ఉగాదికీ సందేశం పంపుతాడు. 2019లో ఇండియా వెళ్ళినప్పుడు ఫోన్లో మాట్లాడుతూ చెప్పేశాను. అప్పటికే నాకు అంతా తెలుసు, చెప్పలేదు, అని. కాసేపు ఏమీ అనలేదు. "ఇంటర్వ్యూ రోజు తెలిసిందక్కా. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు, నన్ను చూసి జాలిగా నవ్వుతున్నారు" అన్నాడు. తర్వాత, "శుక్రవారానికి తెలిసుంటే బాగుండేది" అన్నాడు. పోనీలెండి అని, తన దగ్గర ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేసిన ఇద్దరు పిల్లలు అమెరికా వస్తామంటున్నారని, ఏమి చెప్పమంటారని అడిగాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఫీజులెంతో, ఓపీటీ ఎన్నాళ్ళో, ఏ రకం లైబ్రరీలు వీసా పెడతాయో, పెట్టవో అన్నీ చెప్పాను. వాళ్ళలో ఒకడు మానుకున్నాడట. ఇంకొకడు వచ్చాడు.

నా మొదటి పదేళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఆ బల్ల దగ్గర కూర్చునే వయసు దాటింది, ఇప్పుడు నేను మూడు నాలుగు మెట్లు పైనున్నదాన్ని, నాకూ మర్చిపోవడం మొదలైంది. అయినా ఎవరో ఒకరు పంపుతుంటారు. ఈ మధ్య వరంగల్ అమ్మాయి ఒకామె కాగితాలు పంపింది. ఆమె అప్లై చేస్తున్న చోట లోపలి మనిషి ఒకరున్నారని నేను విన్నాను. మా లైబ్రరీ కాదు, ఇంకొక చోటు. విన్నదే, చూసింది కాదు. మా స్నేహితురాలికి, అదే, ఆ ఉద్యోగం వచ్చినామెకి, చెబితే "అది పుకారు మోయడం, అలా చెప్పకూడదు" అంది. ఆమె మాటలో అన్యాయం లేదు. బయట నిలబడి ఎవరో తన గురించి అలా అనుకుని ఉంటారని ఆమెకి తెలుసు.

రెండు రోజులు ఆలోచించి రాశాను. విన్నది విన్నట్టు, నా నమ్మకం ఎంతో అంత, నేను పొరబడి ఉండొచ్చని కూడా. వేరే అవకాశం చేతిలో ఉంటే దీనికోసం వదులుకోకమ్మా అని రాశాను. మర్నాడు జవాబొచ్చింది. "థాంక్సండీ. అయినా అప్లై చేస్తున్నాను, ఇంటర్వ్యూ అనుభవమైనా వస్తుంది. ఇంకొకటి అడగాలి, చివర్లో డిక్లరేషన్ ఉంచాలా, తీసెయ్యాలా?"